అర్జునుడి తపస్సుకు సొంత సర్వరు

తిరుపతిలో నేను వెబ్‌సైట్లు చేసిపెడతాను. అలిపిరికి పోయే దారిలో మేడ మీద ఒక గది, రెండు కంప్యూటర్లు, కిటికీ తెరిస్తే కొండ. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగంమంది కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే ఒకే మాట అంటారు: మాకు సొంత సర్వరు కావాలి. చీరల కొట్టాయనకూ అదే కావాలి, పెళ్ళి సంబంధాలు చూసే ఆమెకూ అదే కావాలి. పక్కవాడికి ఉందని తెలిస్తే మరీ కావాలి. నాకు ఒళ్ళు మండుతుంది. సొంత సర్వరంటే ఎక్కడో ఉన్న యంత్రం మొత్తాన్ని మనమొక్కరమే అద్దెకు తీసుకోవడం. మామూలుగా చిన్న సైట్లన్నీ ఒకే యంత్రంలో సర్దుకుని ఉంటాయి, ఒకే కొళాయి ఉన్న వరస పోర్షన్లలో కాపురాల్లాగా. బిందెడు నీళ్ళతో గడిచేవాడికి బోరు ఎందుకు? అందుకే వచ్చినవాళ్ళను రెండు ప్రశ్నలు అడుగుతాను. ఒకేసారి ఎంతమంది వస్తారు? ఒక పూట ఆగిపోతే ఎవరికి ఏం పోతుంది? రెండో ప్రశ్న దగ్గర దాదాపు అందరూ నీళ్ళు నములుతారు. అక్కర్లేదని నేనే చెప్పి పంపించేస్తాను.

ఈ ఏడు ఎండలు ముదురుతున్నప్పుడు మా ఊరి గుడి ధర్మకర్త వచ్చాడు. మా ఊరు పుత్తూరుకు దగ్గర. ద్రౌపదమ్మ గుడిలో ఏటా భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం, చివర్లో దుర్యోధన వధ, అగ్నిగుండం. ఏ రోజు ఏ ఘట్టమో జనానికి తెలియాలని ఆ గుడికి సైటు చేసిపెట్టింది నేనే. అంతకు ముందొకసారి వీడియోలు ఉచితంగా చూపించే చోట పెడితే, అర్జునుడు మాను మీద ఉండగా సబ్బు ప్రకటన వచ్చిందట. ఇంక దాని గుమ్మం తొక్కేది లేదని పెద్దవాళ్ళు తేల్చేశారు. దాంతో పోయిన ఏడు అర్జున తపస్సు రోజు మైకు సెట్టాయన అర్జునుడి పాటను మన సైటులోనే నేరుగా వినిపించాలని ముచ్చటపడ్డాడు. వినిపించింది. సగంలో ఆగిపోయింది.

అర్జున తపస్సు చూడనివాళ్ళకు కొంచెం చెప్పాలి. గుడి ముందు ఎత్తైన మాను నిలబెడతారు. అర్జునుడి వేషగాడు పాశుపతాస్త్రం కోసం ఒక్కో మెట్టుకూ ఒక్కో పద్యం పాడుతూ దాన్ని ఎక్కుతాడు. ఎండ నడినెత్తి మీద ఉంటుంది. పిల్లలు లేని ఆడవాళ్ళు తలస్నానం చేసి, తడిచీరలతో మాను చుట్టూ నేల మీద బోర్లా పడుకుంటారు. దాన్ని వరపడటం అంటారు. ఆయన పైకి చేరి, శివుణ్ణి మెప్పించి, జోలెలోంచి నిమ్మకాయలూ విభూతీ పూలూ విసిరేదాకా ఎవరూ తల ఎత్తరు. విసిరాక లేచి కొంగులు పడతారు. పూజలూ మొక్కులూ నాకు అంతంతమాత్రమే. అయినా ఆయన చిట్టచివరి మెట్టు మీద నిలబడి రెండు చేతులూ వదిలేసి నమస్కారం పెట్టేటప్పుడు, చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే అయినా, తలెత్తి అలాగే చూస్తుండిపోతాను. అంత ఎత్తున ఒక్క మనిషి, కింద నేలకు అంటుకుపోయి అంతమంది. చప్పుడు చేయబుద్ధి కాదు.

ధర్మకర్త మామిడి రైతు, మాట నిదానం. ఈసారి సొంత సర్వరు పెట్టాలని కమిటీ తీర్మానించిందన్నాడు. నేను కంప్యూటరు ఆయన వైపు తిప్పి, సైటుకు ఏ రోజు ఎంతమంది వచ్చారో చెప్పే గీతను చూపించాను. ఏడాది పొడుగునా ఆ సైటు ముఖం చూసే నాథుడు లేడు. భారతం జరిగే రోజుల్లో కాస్త సందడి. తపస్సు రోజు మాత్రం గీత నిట్టనిలువుగా లేచి, ఉన్నట్టుండి తెగిపోయింది. ఒక్క పూట కోసం ఏడాదంతా యంత్రాన్ని ఖాళీగా కూర్చోబెట్టడం శుద్ధ దండగ అన్నాను. ఆయన నిట్టనిలువుగా లేచిన గీత మీద వేలు పెట్టాడు.

"తపస్మానును గూడా ఏడాదికి ఒక దినమే గదమ్మా నిలబెట్టేది. మిగతా దినాలు గుడి యెనకాల పడుండాది. దాన్ని ఎవురూ దండగ అనలా."

నాకు నవ్వొచ్చింది. మాను మానే, యంత్రం యంత్రమే అన్నాను. పాట ఆగిపోతే ఎవరికేం పోయిందని నా రెండో ప్రశ్న అడిగాను. పక్క ఊరివాళ్ళు ఎగతాళి చేశారని చెప్పాడు. పరువు కోసం సర్వరు తీసుకోవద్దు, జనం ఎండకు మాడిపోతున్నారు, ఇంకో పందిరి వేయించండి అని కాఫీ ఇచ్చి సాగనంపాను.

ఆ వారంలోనే ఒక ఫోను వచ్చింది. సైటు అడుగున నా నంబరు ఉంటుంది, అది చూసి చేసింది ఒకామె. ఆమె సొంతూరు పుత్తూరు అవతల. ఇప్పుడు శ్రీ సిటీ పక్కన ఒక పల్లెలో అద్దె గదిలో మొగుడూ తనూ ఉంటారు. ఇద్దరికీ ఫ్యాక్టరీ పని. పెళ్ళయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. పోయిన ఏడు తపస్సుకు మా ఊరు రావాలని సెలవు అడిగితే, పోతే మళ్ళీ రావద్దన్నాడట పనిలో పెట్టించిన మేస్త్రీ. ఆమెది రాత్రి షిఫ్టు, పగలు గదిలోనే ఉంటుంది. పాట సైటులో వస్తుందని ఎవరో చెబితే, తలస్నానం చేసి, తడిచీరతో, ఫోను తల దగ్గర పెట్టుకుని, గది గచ్చు మీద వరపడింది. ఇదంతా ఆమె బస్సు తప్పిపోయిన సంగతి చెప్పినట్టు మామూలుగా చెప్పుకుపోయింది.

"సగంలో పాట నిలిచిపాయక్కా. అర్జునుడు నిమ్మకాయలు ఏసినాడో లేదో నాకెట్ల తెలస్తాది? లేయొచ్చునో లేదో తెలీక అట్లే పడుకోనుండాను."

ఎంతసేపు అని అడిగాను.

"మా ఇంటాయన పని నుంచి వచ్చి లైటు ఏసిందాకా."

ఈతూరి నిలిచిపోదు గదా అని అడగడానికే చేసిందట. నిలిచిపోదు అన్నాను. అనేశాక, నిలిచిపోకుండా చూడాల్సింది నేనే కదా అని తట్టింది.

ఫోను పెట్టేసి ఆ తెగిపోయిన గీతను మళ్ళీ తెరిచాను. వినేవాళ్ళు ఏయే ఊళ్ళలో ఉన్నారో అందులో కొంత తెలుస్తుంది. బెంగుళూరు, చెన్నై, శ్రీ సిటీ చుట్టుపక్కలు, కువైట్. అంతకు మించి తెలియదు. ఇన్నాళ్ళూ ఊరి మీద బెంగతో పాట వింటున్నారని అనుకున్నాను. వీళ్ళలో ఇంకెంతమంది గచ్చు మీద ఉన్నారో అని ఆ ఊళ్ళ పేర్లను మళ్ళీ మొదటి నుంచీ చదివాను. మా ఊరి మాను నీడ అంత దూరం పడుతుందని నాకు ఎవరూ చెప్పలేదు.

ధర్మకర్తకు ఫోను చేశాను. ఏడాదంతా సొంత సర్వరు అక్కర్లేదు, ఆ మాట మీద ఇప్పటికీ నిలబడతాను. కానీ భారతం జరిగే నెలకు మాత్రం యంత్రం మొత్తం మనదే కావాలి, అందులో ఇంకెవరి కాపురమూ ఉండకూడదు అన్నాను. దాంతోపాటు ఇంకొకటి అడిగాను. నిమ్మకాయలు విసిరాక ఎవరో ఒకరు మైకులో లేవమని నోరు తెరిచి చెప్పాలి. మాను కింద ఉన్నవాళ్ళకు ఆ మాట అక్కర్లేదు, వీపు మీద కాయ పడితే తెలిసిపోతుంది. ఎన్నడూ లేని ఆచారమని పెద్దవాళ్ళు గొణిగారట. ఫోను చేసినామె సంగతి విన్నాక ధర్మకర్త మాత్రం, మైకులో ఆ మాట చెప్పేది నేనే అన్నాడు.

తపస్సు రోజు నేను ఊరికి పోలేదు. ఊహ తెలిశాక అదే మొదటిసారి. తిరుపతి గదిలో తలుపు గడియ పెట్టుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాను. పద్యం మొదలైంది. ఆ గొంతు పుత్తూరు పక్క పల్లెలో బయలుదేరి, ముంబైలో ఏ గదిలోనో ఉన్న మా యంత్రం దాకా పోయి, మళ్ళీ ఇంత దూరం వెనక్కి వచ్చి శ్రీ సిటీ పక్కన ఒక గదిలో పలుకుతోంది. ఇది నేను రోజూ చేసే పనే. రోజూ ఆశ్చర్యపోతూ కూర్చుంటే పని సాగదు కాబట్టి పట్టించుకోవడం మానేశాను. ఆ రోజు మాత్రం గుళ్ళో ఉన్నట్టు చెప్పులు విడిచి కూర్చున్నాను.

అర్జునుడు ఎక్కేకొద్దీ తెర మీద గీత పైకి పోయింది. పోయిన ఏడు తెగిన చోటు దాటింది. యంత్రం తొణకలేదు. చివరి పద్యం, ఆ తర్వాత కాసేపు ఏమీ లేదు, గాలి మాత్రం మైకుకు కొట్టుకుంటోంది. ఒక్కసారిగా జనం హోరు. విసిరాడు. అప్పుడు ధర్మకర్త గొంతు వినిపించింది.

"దూరాన వరపడిన తల్లులారా, అర్జునుడు నిమ్మకాయలు ఏసినాడు. లేయండమ్మా. ఇంక లేయండి."

కొన్ని క్షణాలకు గీత కూలిపోయింది. యంత్రం పోయిందనుకున్నాను. గబగబా అన్నీ చూశాను. యంత్రం బాగానే ఉంది, పాట వస్తూనే ఉంది, అర్జునుడు పద్యం పాడుకుంటూ దిగుతున్నాడు. పాట కోసం విన్నవాళ్ళయితే ఇంకా వింటూ ఉండేవాళ్ళు. వీళ్ళు లేచారు. చెప్పిన మాట విని, ఎక్కడెక్కడి గదుల్లోనో, అంతమందీ ఒక్కసారే లేచి ఫోన్లు కట్టేశారు. నాకు కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి, తుడుచుకోలేదు.

కాసేపటికి శ్రీ సిటీ ఆమె ఫోను చేసింది. గొంతులో ఆయాసం ఉంది.

"మా ఇంటాయన ఈ పొద్దు పనికి పోలేదక్కా. నా పక్కన ఆయన గూడా వరపడినాడు. ఇద్దరమూ లేసినాము."