మామ చెప్పిన ఎలుగుబంటి సినిమా

పోయిన నెల ఇంటికి సున్నం వేయించడానికి అటక ఖాళీ చేస్తుంటే, పాత బొంత మడతల్లో ఒక వీడియో క్యాసెట్ దొరికింది. బొమ్మల సినిమా. పాలమూరులో మా మామ, అంటే అమ్మ తమ్ముడు, వీసీఆర్ కిరాయికి ఇచ్చే రోజుల్లో ఎక్కడినుంచో తెచ్చింది. పాత పెళ్లి వీడియోలను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే దుకాణంలో ఇస్తే, బూజు తుడిచి దీన్నీ ఎక్కించి ఇచ్చారు. ఆదివారం మధ్యాహ్నం ఒక్కడినే కూర్చుని పెట్టుకున్నాను.

సినిమా ఇంగ్లీషులో ఉంటుంది. చిన్నప్పుడు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, ఆ అవసరమూ ఉండేది కాదు. టీవీ పక్కన స్టూలేసుకుని మామే అందరి మాటలూ మాట్లాడేవాడు. ఆయన నోట మంచుకొండల ఎలుగుబంట్లు జొన్నరొట్టె, పచ్చిపులుసు తినేవి. కుందేలు మా గల్లీ కిరాణం అవ్వలాగా అందరినీ తిట్టేది. తల్లినీ పిల్లనూ వదిలి తండ్రి ఎలుగుబంటి కొండ అవతలికి పోయే చోట మాత్రం గొంతు తగ్గించి, "బాపు బొంబాయి పనికి పోయిండు, మీ బాపు లెక్కనే" అనేవాడు. ఆ తర్వాత కొంత భాగాన్ని "గీడ రీలు ఖరాబైంది" అంటూ గిరగిరా ముందుకు తిప్పేసేవాడు. ఆఖరున మంచులోంచి పెద్ద ఎలుగుబంటి నడిచొస్తుంటే నా వీపు చరిచి, "సూడు అల్లుడా, బాపు రానే వచ్చె!" అనేవాడు. నేను చప్పట్లు కొట్టేవాణ్ని.

మా బాపు రాలేదు. ఒకసారి అమ్మ ఆయన్ను తోలుకొస్తానని బొంబాయి బస్సెక్కి, ఒంటరిగా తిరిగొచ్చింది. అక్కడ కొట్లాడి వచ్చి ఉంటుందని నేనే తేల్చుకున్నాను. అమ్మది పెద్ద నోరు మరి. "నీ నోటికి భయపడే బాపు వస్తలేడు" అని అన్నం ముందు కూర్చుని ఎన్నిసార్లు అన్నానో. బాపుకు అక్కడ ఇంకో సంసారం ఉందని నా పెళ్లయ్యాక తెలిసింది. దానికీ అమ్మ నోరే కారణమని సర్దిచెప్పుకున్నాను.

ఇప్పుడు చూస్తే రీలు ఎక్కడా ఖరాబు కాలేదు. మామ తిప్పేసిన చోట వేటగాడి తుపాకీ పేలింది, తండ్రి ఎలుగుబంటి పడిపోయింది. ఆఖరున నడిచొచ్చిన ఎలుగుబంటికి ఒక చెవి తెల్లగా ఉంది. మొదటి నుంచీ తెల్ల చెవి ఉన్నది పిల్లకే. పెరిగి పెద్దదై, ముసలి తల్లిని వెతుక్కుంటూ వచ్చింది.

మామకు ఫోన్ చేశాను. "ఎంత మోసం చేసినవ్ మామా! గా సినిమాల బాపు సచ్చిపోయిండు గదనే" అంటే ముందు నవ్వాడు. తర్వాత నవ్వలేదు.

"నాకేం సరదనా అల్లుడా? మీ అమ్మ బొంబాయి వోయి, ఆడ మీ బాపు పెట్టుకున్న ఆమెను, ఆళ్ల పిల్లలను కండ్లార సూసొచ్చింది. వచ్చినంక నాతోని, 'పోరనికి బాపు వస్తడనే చెప్పు తమ్మీ' అన్నది. నేను సినిమాల గూడ గదే చెప్పిన."

అమ్మ వరండాలో చింతపండు గింజలు తీస్తోంది. "ఎందుకు చెప్పలేదే అమ్మా? ఇన్నేండ్లు నిన్ను తిట్టిన గద!" అని అడిగాను.

తలెత్తలేదు. "తిడితే తిట్టినవ్ తీయ్. నేనెట్లయినా నీ దగ్గరనే ఉంటి. ఆయన మీద నీకు పాణమన్న ఉండనీ అని ఊకున్న."

"నిన్నెవరు ఊకోమన్నరు?" అని అరిచాను.

"అరువకు. బీపీ గోలీ ఏసుకున్నవా?"

కోపం ఇంకా పోలేదు. ఇద్దరూ కలిసి నాకు తెలియకుండా నన్ను అన్యాయస్థుణ్ని చేశారు. కానీ వాళ్లు దాచింది నిజాన్ని మాత్రమే; అమ్మను అన్న మాటలన్నీ నా అంతట నేను ఏరుకుని అన్నవే. ఆమె ముందు కూర్చుని నేనూ గింజలు తీయడం మొదలుపెట్టాను. రాని మనిషి కోసం ఎదురుచూస్తూ, పక్కనే ఉన్న మనిషితో గడపకుండా పోగొట్టుకున్న ఏళ్ల బాకీని, ఇలా ఒక్కో సాయంత్రం చొప్పున ఎంతవరకు తీర్చగలనో తెలియదు.