ఏడో నంబరు టిక్కు

ముందు చాయ్ కప్పు కింద పెట్టుండ్రి. తాగుకుంట వింటే పొలమారుతది, తర్వాత నన్నంటరు. మొన్న సోమవారం నేను నేవీ ఆఫీసర్ల ముందు, మెడ లోతు నీళ్లల్ల నిలబడి, మా సొంత పడవను "ఆగవే తల్లీ" అని బతిమాలిన!

నా సంగతి మీకు ఎరుకే. నాలుగేండ్లు ఇదే అశోక్‌నగర్ హాస్టల్ల ఉండి గ్రూప్స్‌కు చదివిన. నాలుగు అటెంప్ట్‌లు, ఒక్కటీ తగల్లే. పోయినేడు అనిత అక్క తన స్టార్టప్‌ల పని ఇచ్చింది. ఆఫీసు గుడ ఈ అశోక్‌నగర్‌లనే, కింద స్టడీ హాల్, పైన మేం నలుగురం. మనిషి లేకుండ దానంతటదే నడిచే ఓడలు చేస్తం, నేవీ కోసం. ఇప్పటికైతే మంచమంత నమూనా పడవ ఒకటి తయారైంది.

మొన్నటి డెమో అంటే మాకు చావో బతుకో. ఊరి బయట చెరువు కాడ ఇద్దరు ఆఫీసర్లు వచ్చి చూస్తరు. పాసైతే సముద్రంల ట్రయల్. కాకపోతే ఆఫీసు మూసుడే అని అక్క ముందే చెప్పింది. అంటే నేను మళ్ల కింది స్టడీ హాల్లకే! చస్తే దిగొద్దు అనుకున్న.

అసలు పరీక్ష ఏందంటే, రిమోట్ సిగ్నల్ కట్ చేస్తే పడవ తనంతట తాను ఇల్లు చేరాలె. ఆ ఇల్లు ఎక్కడో మేం ముందుగాల జీపీఎస్‌ల పెట్టాలె.

పడవను నీళ్లల్లకు దించేముందు ముప్పై పనుల లిస్టు ఉంటది. ఒక్కో పని చేసి ఒక్కో టిక్కు. అక్క ఆ కాగితం నా చేతికిచ్చి, "శేఖర్, జర నిమ్మళంగ చెయ్" అన్నది. నాకా చెప్పేది? పరీక్షలు రాసీ రాసీ చెయ్యి తిరిగినోణ్ణి! మన పద్ధతి మీకూ తెలుసు కదా. వచ్చినవి గబగబ కొట్టెయ్యాలె, ఆలస్యమయ్యేది వదిలెయ్యాలె, ఆఖరి అయిదు నిమిషాలల్ల ఆన్సర్ షీట్ల బబుల్స్ అన్నీ ఒక్కసారే దిద్దాలె. ఏడో నంబరు, "ఇల్లు మార్చుట". జీపీఎస్ దొరకనీకె టైం పడుతున్నది. తర్వాత చూద్దాం తియ్ అని ముందుకు పోయిన. అంతల జీపు హారన్! ఆఫీసర్లు వచ్చిన్రు. టకటక ముప్పై టిక్కులు దిద్దేసిన. ఏడోది గుడ!

మొదటి అరగంట పడవ మస్తు తిరిగింది. చేపలు పట్టెటాయన పుట్టి అడ్డమొస్తే ఎంత మర్యాదగ తప్పుకుందో! పెద్దాఫీసర్ గారిది విశాఖపట్నం వైపు. "బావుందయ్యా. ఇప్పుడు సిగ్నల్ కట్ చెయ్యండి" అన్నరు. కట్ చేసిన. పడవ ఆగింది. ఒక్క క్షణం ఆలోచించింది. మా దిక్కు వస్తదనుకుంటే, వీపు చూపించి ఎదుటి కట్ట దిక్కు పోయింది!

"ఏవయ్యా, అదెక్కడికెళ్తోంది?"

నాకు ఏడో నంబరు యాదికొచ్చింది.

"అశోక్‌నగర్ సార్."

"ఏంటీ?"

"మా ఆఫీసు డాబా మీద టెస్ట్ చేసినప్పుడు ఇల్లు అక్కడ పెట్టినం సార్. ఇక్కడికొచ్చినంక మార్చలే. టిక్కు మాత్రం పెట్టిన. తప్పు నాదే సార్."

అక్క నా చేతిల కాగితం గుంజుకొని ఏడో టిక్కు చూసింది. తిట్టినా బాగుండు.

సిగ్నల్ మళ్ల ఇద్దామంటే పడవ రిమోట్‌కు అందనంత దూరం పోయింది. కట్ట రాళ్ల దాక పోతది, ఆగుతది, వెనక్కొస్తది, జర పక్కకు జరుగుతది, మళ్ల పోతది. అశోక్‌నగర్ చేరేదాక ఊకుండేటట్టు లేదు. రాళ్లకు తగిలి అడుగు పగిలితే మా పని ఖతం! దాని వీపు మీద ఎర్ర స్విచ్ ఉంటది, అది నొక్కితేనే ఆగుతది. కట్ట చుట్టు ఉరికి, బూట్లతోనే దూకిన.

నేను ఎదురుపోతే పడవ తప్పుకుంటున్నది! మనిషి కనవడితే తప్పుకోవాలని నేర్పింది ఎవరు? నేనే. రెండు నెలలు నా ఫొటోలే చూపించి నేర్పిన. ఈత కొట్టే శేఖర్, మునిగే శేఖర్, చెయ్యి ఊపే శేఖర్. లోకంల ఇంకెవరినన్న గుద్దుతదేమో గని నన్ను మాత్రం గుద్దదు. ఇరవై నిమిషాలు చెరువంత తిప్పింది. నేనూ వదల్లే. ఇద్దరిల ఎవరు మొండో తేలిపోవాలె అనుకున్న. అప్పుడు యాదికొచ్చింది, వెనక దిక్కు కెమెరా ఇంకా పెట్టలే! ముక్కు మూసుకొని మునిగి, వెనక నుంచి లేచి, స్విచ్ నొక్కిన.

ఒళ్లంత నాచుతోని గడ్డకెక్కేసరికి ఆఫీసర్ గారు ఫారం నింపుతున్నరు. "నడపడానికి కావాల్సిన సిబ్బంది" అన్న కాడ అక్క ముందే గర్వంగ సున్నా రాసి పెట్టింది. ఆయన అది కొట్టేసి, "ఒకరు, నీళ్లలో" అని రాసిన్రు.

"సార్, పడవ మంచిదే. గాడిదను నేను. ఇంకొక్కసారి చూడుండ్రి" అన్న.

ఆయనకు నవ్వాగలే. "పడవకేం ఢోకా లేదయ్యా. చెప్పిన చోటికి వెళ్లాలని ప్రాణం పెట్టింది. వచ్చే సోమవారం మళ్లీ వస్తాం. ఇంకో అటెంప్ట్ ఇస్తే చెయ్యగలవా?"

"అటెంప్ట్‌లు నాకు కొత్త కాదు సార్!"

ఇంకా మూడు రోజులున్నయ్. ఈసారి ఒక్కో పని, ఒక్కో టిక్కు. పాస్ చేపిచ్చేదాక వదల. పడవ మీద మాత్రం నాకేం కోపం లేదు. నాలుగేండ్లు నేనే అశోక్‌నగర్ వదల్లే, నా దగ్గర చదువుకున్న పడవను ఏమని అంటం చెప్పుండ్రి!