తెల్లడబ్బాలో విభూతి

‘మలం’ అన్న మాట కనబడగానే మీరెందుకు ముఖం చిట్లించారు?

అమలాపురంలో వేదం చెప్పే మా పెదనాన్నగారూ అంతే. పేగుజబ్బుల పరిశోధనకని ఒకమ్మాయి ఓ తెల్లడబ్బా ఇచ్చి వెళ్లి, రక్తం, మలం నమూనాల కోసం వస్తే, అడక్కముందే చెయ్యి చాపేవారు.

“రక్తం ఎంతైనా పుచ్చుకోండమ్మా. ఆ డబ్బా నింపమని మాత్రం అడక్కండి. మడి పోతుంది.”

“పేగు వాపు జాడ మలంలోనే బాగా తెలుస్తుందండీ. వాపుంటే అందులో చేరే ప్రోటీన్‌ని యాంటీబాడీలతో పట్టేస్తాం. ముందే తెలిస్తే మందుంది.”

“ఆయ్” అనేవారు. ఇచ్చేవారు కాదు.

పేగుకు చిల్లుపడి పోయారు. పూజగూట్లో ఆ తెల్లడబ్బా దొరికింది, ఆయన పేరున్న చీటీతో సహా. శుభ్రంగా ఉందని విభూతి పోసుకున్నారు. నాకు ఏడుపు రాలేదు. మూత పెట్టేశాను.

మీ డాక్టరూ మీకలాంటి డబ్బా ఇచ్చి ఉంటే, అదెక్కడుందో వెతకండి. రేపు పొద్దున్నే నింపి ఇచ్చి రండి.