తోక మీది నలుపు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను అక్కడి కళాశాలలో చర్చాపోటీలకు పేరుపడ్డవాణ్ణి. ఆధారం లేని మాటను అంగీకరించకపోవడం నా నియమం. ఇంట్లో ఆ నియమానికి పెద్ద గిరాకీ ఉండేది కాదు.

నంద్యాలలో మా మేనత్త భర్త బట్టల వర్తకుడు. బొంబాయి వెళ్లినప్పుడు రెండు విడతలుగా ఆఫ్రికా పిట్టలను తెచ్చి, ఒక జతను ఆళ్లగడ్డలోని మా ఇంటికిచ్చాడు, మరో జతను తానుంచుకున్నాడు. పిచ్చుక కంటే చిన్నవి. లక్కరంగు ముక్కు, కంటి మీదుగా ఎర్రని గీత. ఏడాది తిరిగేసరికి రెండిళ్లలోనూ ఒక్కొక్కటే మిగిలింది. అత్త పిట్ట కొర్రలు సరిగా ముట్టడం లేదు. తోడు దొరక్కపోతే అది దక్కదని ఆమె దిగులు.

మా పిట్టతో నేను నంద్యాల బస్సెక్కేటప్పుడు నాయన ఒకే షరతు పెట్టాడు. "జాతి ఒకటే అయితేనే మీ అత్త కాడ వదులు. కాకుంటే సాయంత్రం బస్సుకు తిరిగి తే."

కళాశాల గ్రంథాలయంలో నేను ముందే చదివి ఉన్నాను: అచ్చం ఒకేలా కనిపించే జాతులు రెండున్నాయి, ఒకదానికి తోక మొదట్లో నలుపు, రెండోదానికి గోధుమరంగు. పంజరాలను పక్కపక్కన పెట్టి చూశాను. మాది గోధుమరంగు. అత్తది నలుపు.

"జాతులు వేరత్తా. ఇవి కలవవు."

"తోక చూసి సంబంధం తప్పిస్తాండావేందప్పా? ముక్కూ మొగమూ ఒకటే కదా!"

పోలిక వేరు, ఏకత్వం వేరు అని నేను నిలబడి ఉపన్యసించాను. భోజనానికి వచ్చిన మామ గుమ్మంలోనే ఆగి విన్నాడు.

"వీనికి పిల్లనిచ్చేటోడు యాడుండాడో!"

నేను చలించక మా పంజరానికి గుడ్డ కప్పబోయాను. అంతలో మా పిట్ట కూసింది. అత్త పిట్ట ఆ కూత విని ఉలిక్కిపడి, నీళ్ల గిన్నెలోకి దూకి రెక్కలు కొట్టుకుంది. నీళ్లు నల్లబడ్డాయి. తోక గోధుమరంగుకు వచ్చింది.

"ఏందత్తా ఇది?"

"దీపం మసి. దిష్టి తగలకుండా దినామూ పెడతాండా. మొగాన పెడితే కంట్లో పడుతుందని ఆడ పెట్టినా."

"నాకు చెప్పొద్దా?"

"నువ్వడిగితివా? చెప్పుకుంటానే పోతివి."

నా సూత్రంలో దోషం లేదనీ, సాక్ష్యమే మారిందనీ వివరించాను. ఎవరూ వినలేదు. అప్పటికే అత్త మా పిట్టను తన పంజరంలోకి వదిలేసింది; రెండూ ఒకే పుల్ల మీద ఒత్తుకుని కూర్చున్నాయి. కాసేపటికి అత్త పిట్ట కొర్రల గిన్నెలో ముక్కు పెట్టింది.

జంటను చూస్తే జనం కళ్లు ఊరుకోవని అత్త మళ్లీ మసి తెచ్చింది. పిట్టలకు మాత్రం వద్దని బతిమాలాను. ఆమె పంజరానికి బొట్టు పెట్టి, వేలికి మిగిలినది నా చెంపకు పూసింది. సాయంత్రం బస్సులో ఆ బొట్టుతో, ఖాళీ పంజరంతో ఆళ్లగడ్డ చేరాను.