అమ్మ ముందు పెట్టిన గింజలు

మా గూడెంలో తొలి విత్తనం ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు వేయరు. మృగశిరకు ముందు విత్తనాల పండుగ చేస్తాం. ఇంటింటి నుంచి దోసెడు జొన్నలు తెచ్చి అమ్మవారి ముందు ఒకే కుప్పగా పోస్తారు. పూజ అయ్యాక ఇంటికో పిడికెడు పంచుతాం. చేలో మొదట ఆ పిడికెడే పడాలి. అది పడని చేలోకి ఊళ్లో ఎవరూ నాగలితో దిగరు. దిగితే వానలు ముఖం చాటేస్తాయని భయం. నాన్న మోకాళ్లు మొరాయించినప్పటి నుంచి ఆ పూజ, ఆ పంపకం నావే.

నాలుగేళ్ల కిందట నా చెల్లెలు చర్చిలో చేరింది. ఆమె కూతురికి జ్వరం ముదిరితే మేం కోడిని కోసి మొక్కుకున్నాం. చర్చివాళ్లు పిల్లను బండి మీద దవాఖానాకు తీసుకెళ్లి, లేచి కూర్చునేదాకా అక్కడే ఉన్నారు. మొక్కుతో పాటు మేమూ ఓ బండి తీసి ఉండాల్సింది. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు. అమ్మవారిని వదిలేసిన మనిషికి మంచీ చెడ్డా ఉండవని తేల్చేసి, ఆమె గడప తొక్కడం మానేశాను.

నిరుడు ఆమె భర్త అశ్వారావుపేట వైపు పామాయిల్ తోటలో పని చేస్తుంటే గెల తెగి మీద పడి, నడుం దెబ్బతిని మంచాన పడ్డాడు. వాళ్లకున్నది అతనొక్కడే దున్నుకునే రెండెకరాల చేను. ఊరి నాగళ్లు రాకపోతే ఆ ఏడు అది బీడే. అందుకే, ఊరితో పాటు గింజలిస్తే చాలనుకుని, పండుగ నాడు కొంగులో జొన్నలు పోసుకుని వచ్చింది. డప్పు ఆగిపోయింది. అందరూ నా వైపు చూశారు.

“మొక్కుతవా?” అన్నాను.

“మొక్కుడు నాతోని కాదన్నా. గింజలైతే ఇస్త. నా ఇల్లు ఊర్లనే ఉంది గదా.”

ఉత్తుత్తిగా చేతులు జోడించినా నేను ఊరుకునేవాణ్ణి. అంతమందిలో ఆమె అలా నిలబడేసరికి నాకు ఒళ్లు మండింది. “తీస్కపో” అని చేతిని తోశాను. కొంగు జారి, జొన్నలన్నీ వెళ్లి కుప్పలో పడ్డాయి.

నేను మోకాళ్ల మీద కూలబడి ఆమె గింజలు ఏరడం మొదలుపెట్టాను. జొన్నల్లోంచి జొన్నలు ఏరుతున్నాను. చెమటలు కారుతున్నాయి గానీ చేతులు ఆగడం లేదు. చివరికి ఊరి పెద్ద, నాకు పెదనాన్న వరస, “ఇగ చాలు తియ్. కలిసినయి కలిసినయే. దాని పిడికెడు దానికియ్యి” అన్నాడు. చెల్లెలు అప్పటికే వెళ్లిపోయింది.

మూడో రోజు వాన పడింది. ఆమె వాటా రుమాలులో మూటగట్టుకుని, ఎద్దులు తోలుకుని వాళ్ల చేనికి వెళ్లాను. పెదనాన్నతో పాటు మరో మూడు నాగళ్లు వచ్చి గట్టు అవతలే ఆగాయి. నేను చల్లితేనే వాళ్లు దిగుతారు. చెల్లెలు విత్తనాల గంపతో ఎదురొచ్చింది.

“అవి నా చేల వెయ్యకన్నా,” అంది మెల్లగా. “నేను ఊరికని ఇచ్చిన. దేవతకు పెట్టినయి తీస్కోను.”

“వెయ్యకుంటే వాళ్లు దిగరు.”

“తెలుసు.”

“మరి పిల్లలేం తింటరు?”

ఆమె పక్కకు జరగలేదు. అమ్మంటే నాకెంత భయమో, తన దేవుడంటే ఆమెకూ అంతే భయమని నాకప్పుడు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన నా భయం తగ్గలేదు.

మూటను నడుమున దోపుకున్నాను. ఆమె గంపలోంచి పూజలో పెట్టని ఉత్త జొన్నలు పిడికెడు తీసి, గట్టు అవతలివాళ్లకు కనబడేలా చల్లాను.

“అమ్మ ముందట పెట్టినయేనా?” పెదనాన్న కేకేసి అడిగాడు.

“అవ్, అవే.”

ఆయన వంగి నేలకు మొక్కి, ఎద్దులను అదిలించాడు. మిగతా నాగళ్లూ దిగాయి. చెల్లెలు తల దించుకుంది. పూజ చేసే నోటితో, అమ్మ పేరు మీద, నేనాడిన మొదటి అబద్ధం అది. చేను పోయినా సరే ఆమె ఉత్తుత్తిగానైనా మొక్కలేదు, ఆ చేను కోసం నేను అబద్ధం ఆడాను.