మామగారి గొంతు, ఎనభై ఆరు మీటర్లు

మా అత్తవారి ఊళ్లో నా పేరు చెప్పి అడిగితే ఎవరూ ఆనవాలు పట్టరు. "టేపు అల్లుడు" అనండి చాలు, ఇంటి గుమ్మం దాకా వచ్చి దిగబెడతారు. ఆ బిరుదు ఎలా వచ్చిందో ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్క లేదు. లెక్క లేదు అనే మాట నా నోట వచ్చిందంటేనే ఎంత అలసిపోయానో చూసుకోండి. సరే, ఇంకొక్కసారి చెబుతాను. ఓపిక మీది, పోయే పరువు నాది.

నేను పెద్ద చదువులు చదివినవాణ్ణి కాను. లెక్క మాత్రం ఎవరూ నేర్పకుండానే వంటబట్టింది. పచ్చి జీడిపిక్క ఎండితే ఎంత తరుగు పోతుంది, షెడ్డుకు ఎన్ని రేకులు పడతాయి అని కురుపాం చుట్టుపక్కల కొండ ఊళ్లవాళ్లు నన్నే అడుగుతారు. అడిగి అడిగి నన్ను పాడుచేశారు. లెక్కకు అందని వస్తువు లోకంలో ఉండదని నమ్మేశాను.

అయిదారేళ్ల కిందటి మాట. మామగారు పోయి ఏడాది కావస్తోంది. ఆయన చర్చిలో గొంతెత్తితే మైకు దండగ. ఆ గొంతు మిగిలింది ఒకే ఒక్క క్యాసెట్టులో. ఎప్పుడో జొన్నచేను కాస్తూ, మంచె మీద టేపు రికార్డరు పక్కన పెట్టుకుని తనకు తానే పాడుకున్నది. ఆదివారం జ్ఞాపకార్థ కూటంలో అందరి మధ్యా కూర్చుని ఆ పాట వినాలని అత్త కోరిక. టేపు రికార్డరు అటక మీంచి దించి మీట నొక్కాను. రెండు మాటలు పాడి, గుర్రుమని క్యాసెట్టును మింగేసింది. మూత తెరుచుకోదు.

"పార్వతీపురం పట్టుకెల్లు. అక్కడ పాత రేడియోలు బాగుసేసీ ముసలాయన ఉన్నాడట" అంది నా భార్య సుగుణ.

"ఇంతోటిదానికి పార్వతీపురమా? లోపలున్నదేటి? రెండు సెక్రాలు, ఒక స్ప్రింగు. లెక్క నాకు తెల్దేటి?"

"నీకు తెల్సులే. టేపు రికార్డరుకి తెల్సా?"

అత్త అడ్డాకు విస్తళ్లు కుట్టే వెదురుపుల్ల తెచ్చి మూత సందులో దూర్చాను. విరిగి లోపలే ఉండిపోయింది. ఇంకోటి దూర్చాను. మొదటిదానికి తోడు దొరికింది. అప్పుడు నూనె పోద్దామన్న ఆలోచన వచ్చింది. ఇంట్లో ఉన్నది ఇప్పనూనె. పొయ్యి పక్కన సీసాలోంచి గోరువెచ్చగా గరిటెడు పోశాను.

"ఏటది అల్లుడా, దానికి తలంటుతున్నావేటి?" అంది అత్త.

"జారతాది అత్తా, సూస్తా ఉండు."

చలికాలంలో ఇప్పనూనె తెల్లారేసరికి గడ్డకడుతుందని మా కొండల్లో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. ఆ ఒక్క సంగతి నా లెక్కలోకి రాలేదు. పొద్దున చూద్దును కదా, మూత చుట్టూ మైనం పోసినట్టు తెల్లగా పేరుకుని ఉంది. నిన్న తలుపు బిగిసింది, ఇవాళ గోడ కట్టేశాను.

అత్త తిట్టలేదు. కొంగుతో ఆ నూనె తుడుస్తూ, "ఆయన గొంతు ఇంక లోపలే ఉండిపోనాదా?" అని మాత్రం అడిగింది. తిట్టినా బాగుండేది.

టేపు రికార్డరును కళ్లంలో ఎండకు పెట్టాను. ఎండ ముదిరేసరికి నూనె కరిగి మూత టక్కున తెరుచుకుంది. ఆ క్షణాన నా ఛాతీ కొలిచి ఉంటే బాగుండేది! క్యాసెట్టు లాగాను, వచ్చింది. దాని వెనకాలే టేపు, కోసిన కోడి పేగుల్లా వస్తూనే ఉంది. ఒళ్లంతా నూనె, ముడతలు.

బుద్ధున్నవాడు అక్కడితో ఆగి బస్సెక్కుతాడు. నేను రీలు మొత్తం విప్పి, పాత బనీనుతో తుడిచి, ముడతలు పోవాలని కంచె మీద తోరణంలా ఆరేశాను. ఇంతలో మామగారి తమ్ముడు దానియేలు చిన్నమావ అటుగా వచ్చాడు.

"ఏటల్లుడా, తళతళ మెరస్తందీ?"

"అదా మావా? సెకనుకి నాలుగు ముప్పావు సెంటీమీటర్ల పైసిలుకు నడుస్తాది. అరగంటకి లెక్క కడితే ఎనభై ఆరు మీటర్లు."

"ఎనభై ఆరే! నిజంగా ఉంటాదంటావా?"

"కావలిస్తే కొలుసుకో."

కావలిస్తే కొలుసుకో అన్నాను, విన్నారా! అని, లోపలికి వెళ్లి అన్నం తిని, హాయిగా కునుకు తీశాను. లేచి చూస్తే కంచె బోడిగా ఉంది.

మా వైపు పాడైన టేపు ఎవరూ పారేయరు. చేను చుట్టూ కడితే గాలికి మెరుస్తూ ఝుమ్మని రొద చేస్తుంది, చిలకలు వాలవు. ఆ సంగతి గుర్తొచ్చి, చెప్పుల్లేకుండా కొండవాలుకు పరుగెత్తాను. చిన్నమావ జొన్నచేను చుట్టూ, గుంజ గుంజకీ, మామగారి గొంతు మెరుస్తోంది.

"సరిగ్గా సరిపోనాది అల్లుడా! నీ లెక్కంటే లెక్కే! మూల్లకాడ కోసినానంతే, నాలుగు ముక్కలు."

"మావా, అది మామ పాట!"

చిన్నమావ చేతిలో కత్తి కింద పడింది. పక్క గుంజకున్న ముడి విప్పుతూ, "పొడుగు సెప్పినావు గానీ అదేటో సెప్పలేదేటిరా!" అన్నాడు.

మర్నాడు ముక్కలు మూటగట్టుకుని, టేపు రికార్డరు చంకన పెట్టుకుని, సుగుణ మొదట్లోనే చెప్పిన ఆ పార్వతీపురం ముసలాయన దగ్గరికి వెళ్లాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, "ఎవరు సేసినారు బాబూ ఈ పని?" అన్నాడు.

"మా బంధువులొకరు" అన్నాను. టేపు రికార్డరు బాగుచేసి, ముక్కలు అతికించి ఇచ్చాడు.

ఆదివారం కూటంలో మీట నొక్కాను. మొదటి ముక్క గరగరమంది. రెండోది తలకిందులుగా అతికిందో ఏమో, ఏ భాషో ఎవరికీ అంతుపట్టలేదు. పాస్టరుగారు కళ్లు మూసుకుని "స్తోత్రం" అన్నారు. నేను నేల చూపులు చూస్తున్నాను. మూడో ముక్క మాత్రం స్వచ్ఛంగా మోగింది. పాట సగంలో ఆగిపోయి, మామగారి గొంతు ఇల్లదిరేలా లేచింది:

"హోయ్! హోహోయ్! పోండే ఇక్కడినించి! ఒక్క గింజ ముట్టినారంటే ముక్కులు ఇరగ్గొడతాను!"

వెంటనే రేకుడబ్బా చప్పుడు. అత్త ఒక్కసారిగా నవ్వింది, ఏడాదిలో మొదటిసారి, కళ్లు తుడుచుకుంటూ.

"ఆయనే! పాటలో కాదు, సేలో ఇలగే అరిసీవోడు. ఆయనంటే ఇదే!"

చిన్నమావ గొంతు సవరించుకున్నాడు. "అందుకే వదినా, ఆ పూటంతా నా సేను మీద ఒక్క సిలకా వాల్లేదు."

నవ్వులు ఆగాక నేను లేచి, టేపు రికార్డరు మీద చెయ్యి వేసి, సభాముఖంగా ప్రమాణం చేశాను: నోరు మూసుకున్న ఏ యంత్రం నోరూ ఇక ఈ జన్మలో తెరవను; ఏ వస్తువు పొడుగైనా, ముందు అదేమిటో చెప్పకుండా చెప్పను.

చెయ్యి తీసి చూసుకున్నాను. అరచేతికి ఇప్పనూనె.