మా బావ చేతి పైలట్ గడియారం

మా బావ పోయాడు. కరీంనగర్ ఆసుపత్రి నుంచి ఆయనను ఇంటికి తెచ్చేసరికే ఊరంతా వాకిట్లో నిలబడి ఉంది. భైంసాలో పత్తి వ్యాపారం చేసే ఆయన సొంత తమ్ముడికి కబురు అందరికంటే ముందు పోయింది. దహనానికి రాలేదు. పెద్దకర్మ నాడు వచ్చాడు. భోజనం చేసి, చెయ్యి కడుక్కుని, మా అక్క ముందు నిలబడ్డాడు.

"వదినె, అన్న గడియారం నాకియ్యి. మా ఇంటి గుర్తు, నిషానీ అది."

ఏళ్ల తరబడి నా కడుపులో ఉన్న మంట అప్పుడు నెత్తికెక్కింది. ఎందుకంటే ఆ గడియారాన్ని దొంగ గడియారమని ఊరంతా చాటింది ఈ మనిషే. బావ బతికినన్నాళ్లూ ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

అది దొంగది కాదు. ఎట్లా కాదో చెప్పడానికే రాస్తున్నాను. నాకు చదువు తక్కువ. అక్షరం తప్పు పోతే దిద్దుకుని చదవండి. సంగతిలో తప్పు లేదు.

మా అక్క పెళ్లి 1969లో జరిగింది. పెళ్లికొడుకు విమానదళంలో మెకానిక్ అంటే మా ఊళ్లో సగం మంది ఆయనే విమానం నడుపుతాడనుకున్నారు. పందిట్లో పంతులు టైమెంత అని అడిగితే తలా ఒక టైము చెప్పారు. అప్పుడు పెళ్లికొడుకు చొక్కా చేతిని పైకి లాగి మణికట్టు ముందుకు చాపాడు. అంత పెద్ద గడియారం నేనెన్నడూ చూడలేదు. నల్లటి ముఖం. తెల్లటి లావు అంకెలు. పన్నెండు ఉండాల్సిన చోట అంకె లేదు, ఒక త్రికోణం ఉంది. పంతులు కూడా మంత్రం ఆపి చూశాడు.

"పన్నెండు ఏడబోయింది బావా?" అని తరువాత అడిగాను.

"విమానం తలకిందులైనా గడియారానికి నెత్తి ఎటుందో ఒక్క చూపుల తెల్వాలె బామ్మర్దీ. అంకెలు సదువుతుంటే ఆడ పానం పోతది."

మేము ఆకాశంలోకి చూసేది వాన కోసం. అక్కడికి పోయేవాళ్లకు దారి ఎట్లా తెలుస్తుందని నేనెన్నడూ ఆలోచించలేదు. బావ చెప్పాడు. మొదట్లో విమానం ఎక్కినవాళ్ల దగ్గర గొలుసు గడియారాలే ఉండేవట. రెండు చేతులూ విమానాన్ని పట్టుకుని ఉంటే జేబులో నుంచి గడియారం తీసేదెట్లా? కొందరు తొడకు కట్టుకున్నారు. చివరికి అది మణికట్టు మీదికి వచ్చింది. పైన చలి ఎముకలు కొరుకుతుంది కాబట్టి చేతికి తొడుగులుంటాయి, అందుకే చావి తిప్పే గుబ్బ అంత లావు. తోలు కోటు మీదుగా కట్టుకోవాలి కాబట్టి పట్టీ అంత పొడుగు. చీకట్లో కనిపించాలి కాబట్టి అంకెలకు మెరిసే పూత. మబ్బులో పడ్డాక కింద ఊరు లేదు, ఏరు లేదు. ఎంత వేగంతో, ఎంత సేపు వచ్చాం? ఆ లెక్కతోనే ఎక్కడున్నామో తెలుసుకోవాలి. అంటే ఒక మనిషి తన ప్రాణాన్ని ఆ ముల్లు మీద పెట్టి మబ్బులోకి పోతాడు. ఆ మాట విన్న రోజు నేను ఆ గడియారానికి చెయ్యెత్తి మొక్కాను. బావ నవ్వలేదు.

అది ఆయనకు ఎట్లా వచ్చింది? పైలట్ సీట్లో కూర్చున్నాక ఒంటికి బెల్టులు బిగించడం బావ పని. పెళ్లి సెలవు మీద బయలుదేరేటప్పుడు ఆ పైలటే తన చేతి నుంచి విప్పి ఇచ్చాడు. అది ఆ పైలట్ సొంతంగా కొనుక్కున్నది, సర్కారుది కాదు. "నువ్వు బిగించిన బెల్టు మీద భరోసాతోనే రోజూ పైకి పోయిన" అన్నాడట. బావ అబద్ధమాడగా నేను చూడలేదు.

కొలువు అయిపోయి ఊరికొచ్చాక వ్యవసాయం చేశాడు. రోజూ పొద్దున ముఖం కడుక్కోగానే చావి తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. "ముందుగాల దాని పానం చూడాలె, తరువాత మన చాయ తాగుడు" అనేవాడు. కరీంనగర్ బజార్లో కాలేజీ పిల్లలు అటువంటి నల్లముఖం గడియారాలే ఏరి ఏరి కొంటుంటే నేను ఆశ్చర్యపోయాను. "విమానం మొఖం గూడ చూడనోళ్లకు గివెందుకు బావా?" అంటే, "అందం కోసం చేసిన మొఖం గాదది, పని కోసం చేసింది. గందుకే పాతగాదు" అన్నాడు.

ఇక బావి దగ్గరి సంగతి. ఎనభైలలో నీళ్లు అడుగంటితే అన్నదమ్ముల ఉమ్మడి బావిని లోతు చేయించారు. తమ్ముడు అప్పుడు దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చి ఉన్నాడు. చేతికి చావి అక్కర్లేని, చేతి ఊపుకే తిరిగే కొత్త గడియారం. నేనూ పనిలో ఉన్నాను. బండకు రంధ్రాలు వేసి, పేల్చే మందు కూరి, వత్తులు ముట్టించి పైకి వచ్చాం. ఒకటి పేలలేదు. అట్లా తప్పినప్పుడు అర్ధగంట దాకా ఎవరూ దిగకూడదు. బావ తన గడియారం చుట్టూ ఉన్న వలయాన్ని తిప్పి, గుర్తును పెద్దముల్లు మీదికి తెచ్చి పెట్టాడు. పైలట్లు బయలుదేరినప్పుడు అట్లాగే పెడతారట.

కాసేపటికి తమ్ముడు లేచాడు. "అన్నా, అర్ధగంటైంది. దిగుదాం."

"కాలే."

"నా గడియారంల అయ్యింది. నీది ముసలిదైంది, నడుస్తలేదు."

"నడుస్తున్నది. నీదే ఉరుకుతున్నది."

తమ్ముడు కోపంగా మెట్ల వైపు పోయాడు. బావ ముందుకు నడిచాడు. పోయి పై మెట్టు మీద కూర్చుని, కాళ్లు అడ్డంగా చాపాడు. "దిగుతే నన్ను దాటి దిగు."

మా దగ్గర పెద్దవాళ్ల కాళ్లు దాటరు. ఎంత పొగరున్నా సొంత అన్న కాళ్లు ఎట్లా దాటుతాడు? పళ్లు నూరుతూ అక్కడే నిలబడ్డాడు. నిలబడి ఉండగానే బావి పేలింది. రాళ్లు ఒడ్డు దాకా లేచాయి. దుమ్ము అణిగాక చూస్తే అన్నదమ్ములిద్దరూ మెట్టు మీదే ఉన్నారు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని.

తరువాత బావ నెమ్మదిగా అడిగాడు, "రాత్రి పండుకునేటప్పుడు గడియారం ఏడ పెడ్తవు?"

"టేప్‌రికార్డర్ మీద."

"దాని స్పీకర్ల సూదంటురాయి ఉంటది. లోపటి సన్న స్ప్రింగు చుట్లు అంటుకపోయి ముల్లు ఉరుకుతది. విమానంల గూడ గసోంటియి మస్తుంటయి, గందుకే దీనికి లోపల ఇనుప కవచం పెట్టిన్రు."

మందు పెట్టేవాడు ఊరుకోలేదు. "పాటలు ఇని ఇని నీ గడియారం డ్యాన్స్ జేస్తున్నది పటేలా!" అన్నాడు. అందరం నవ్వాం. చావు తప్పిన మనుషుల నవ్వు అది, ఆగలేదు. బావ ఒక్కడే నవ్వలేదు.

ఆ నవ్వును తమ్ముడు మనసులో పెట్టుకున్నాడు. తెల్లారి బస్టాండు హోటల్లో నలుగురిలో అన్నాడు, "మా అన్నది గొప్ప గడియారమేందిర? మిల్ట్రీల ఎత్కచ్చిండు." ఆ మాట ఊరంతా పాకింది. నేను కొట్టడానికి లేస్తే బావ చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఇచ్చినాయనకు ఎరుకే, నాకు ఎరుకే. నీకెందుకు పరేషాన్?"

నాకు పరేషానే. ఇప్పటికీ.

పెద్దకర్మ నాడు తమ్ముడు అడిగినప్పుడు గడియారం మా అక్క చేతికి ఉంది. గాజులు తీసిన ఆ చేతికి తనే కట్టుకుంది. పొడుగు పట్టీ రెండు చుట్లు తిరిగింది. అంకెల మెరుపు తగ్గిపోయింది, ముల్లు మాత్రం నడుస్తూనే ఉంది. అక్క ఆ పట్టీని సవరించుకుంది. "చెయ్యి ఉత్తగ తేలిపోతున్నదయ్యా. జర బరువుండనియ్యి" అంది.

"మాసికానికొచ్చి తీస్కపోత" అని ఆయన వెళ్లిపోయాడు.

మంచిది, రా. వచ్చే ఆదివారమే మాసికం. అది దొంగ సొమ్మయితే నీకెందుకు? మీ ఇంటి నిషానీ అయితే, నిన్ను బావి మెట్టు మీద ఆపిన మనిషిని ఆ మాట ఎట్లా అన్నావు? రెండిట్లో ఏదో ఒకటే నిజం. ఆదివారం పొద్దుగూకేలోగా మా అక్క ముందు నిలబడి, ఆ చేతిని చూస్తూ, నలుగురూ వినేట్టు చెప్పు.